మామూలుగా చల్లార్చాం

సిడ్నీలో మా ల్యాబ్‌లో చేసే పింగాణీ బిళ్ళల డేటా అంతా అందరికీ తెరిచి పెట్టాలని మెల్‌బోర్న్‌లోని ఒక యూనివర్సిటీతో ఒప్పందం కుదిరినప్పుడు మిగతావాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం భయం వేసింది. ఏడాది చివరికి నా కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించాలంటే పగుళ్ళు లేకుండా నేను చేసే ఆ బిళ్ళలే నాకు దిక్కు. వాటిమీద ఎవరు వేలెత్తి చూపినా నా ఉద్యోగం పోయినట్టే.

భయపడ్డట్టే అయింది. మెల్‌బోర్న్ ల్యాబ్ పరిశోధకురాలు ఫోన్ చేసింది. వరంగల్ వైపు అమ్మాయి, నాకంటే చిన్నది.

"అక్కా, ఏమనుకోకున్రి. మీ ఫైల్ల ఉన్నట్లే చేసినం. సేమ్ పౌడర్, సేమ్ టెంపరేచర్. అన్నీ పగులుతున్నయ్."

"అన్నీనా?"

"ఒక్కటి గూడ మిగల్లే. మా ప్రొఫెసర్ మీ డేటా కింద కామెంట్ పెడ్త అంటుండు. జర ఆగమని నేనే చెప్పిన."

ఆ కామెంట్ లోకమంతా చూస్తుంది. దొంగ లెక్కలు రాశానని ఎవరూ పైకి అనరు, లోపల అనుకుంటారు. అది ఇంకా ఘోరం. ఆ రోజు అన్నం సయించలేదు. డేటా తెరిచి పెట్టమన్న ప్రతివాడి మీదా ఒళ్ళు మండింది. మా అమ్మాయి ఏదో అడిగితే కసిరాను. "వై ఆర్ యూ యెల్లింగ్, అమ్మా?" అంది.

మర్నాడు ఫోన్లోనే ఇద్దరం మొదటినుంచి సరిచూసుకున్నాం. పొడి, అచ్చు, వేడి, అన్నీ ఒకటే.

"చల్లార్చుడు?" అంది.

"రాశాను కదమ్మా, మామూలుగానే అని."

"మేం గూడ మామూలుగనే. టైం గాంగనే ఫర్నేస్ డోర్ తెరిచి బయట పెడ్తం. మీరు?"

నాకు అప్పుడు తట్టింది. సాయంత్రం ఆఫ్టర్ స్కూల్ కేర్ నుంచి పిల్లని తెచ్చుకోవాలి. బ్లాక్‌టౌన్ ట్రైన్ తప్పి ఆలస్యమైతే ఆ కేర్‌వాళ్ళ ముఖం చూడలేం. అందుకని ఫర్నేస్ ఆపేసి, తలుపు తీయకుండానే పరిగెత్తేదాన్ని. బిళ్ళలు రాత్రంతా లోపలే మెల్లగా చల్లారేవి, పొద్దున వచ్చి తీసేదాన్ని. చల్లారే తీరు ముఖ్యమని విద్యార్థులకు చెప్పేదాన్ని నేనే. నేను చేసేది కూడా ఒక పద్ధతేనని ఏనాడూ తోచలేదు. ట్రైన్ అందుకోవడమే అనుకున్నాను. ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పాను.

"గట్లనే చేసి చూస్తనక్కా," అంది.

ఆ వారమంతా ఫోన్ మోగితే చేస్తున్న పని వదిలేసి తీసేదాన్ని. చివరికి ఫొటో పంపింది. ఒక్కటీ పగల్లేదు. పారమట్టా దగ్గర ట్రైన్లో, పక్కన మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చేశాను.

ఫైలులో 'మామూలుగా' కొట్టేసి, తలుపు మూసి తెల్లారేదాకా ఫర్నేస్‌లోనే ఉంచాలని వివరంగా రాసి, అందరికీ కనపడేలా పెట్టాను. కాంట్రాక్టు సంగతి అడగడానికి మా ప్రొఫెసర్ గదికి వెళ్ళాను. ఆయన చాలా సంతోషంగా ఉన్నాడు. ఇక ఈ బిళ్ళలు ఎక్కడైనా, ఎవరైనా చేసుకోవచ్చు అన్నాడు. నేనూ నవ్వాను. ఎవరైనా అంటే నేను లేకపోయినా అని అర్థమైంది. అడగాల్సింది అడగకుండానే బయటికి వచ్చేశాను.