ఢిల్లీ దగ్గరయ్యాక

తొంభైల్లో మా అక్క ఢిల్లీ నుంచి బెంగళూరు రావాలంటే రైల్లో రెండు రాత్రులు. రెండు వేల కిలోమీటర్లు దాటిన ప్రయాణం. అంత దూరం వచ్చిన మనిషి నెల తిరక్కుండా వెళ్లే ప్రశ్నే లేదు. యలహంకలో అమ్మా నేనూ ఉండే ఇంటికి చేరేసరికి మొహం నిండా మసి, చంకలో నిద్రపోతున్న పిల్ల. స్నానం చేసి పడుకుంటే మర్నాటికి గాని లేచేది కాదు.

బడలిక తీరిందంటే అమ్మతో గొడవ మొదలు. అల్లుణ్ణి సరిగా పలకరించలేదనో, వద్దన్నా పిల్లకి కాటుక పెట్టిందనో. ఇద్దరిదీ ఒకటే మొండితనం. రెండు రోజులు మాటలుండవు. "మీ అమ్మకు చెప్పు", "మీ అక్కనడుగు" అంటూ మధ్యలో నా ప్రాణం తీసేవాళ్లు. మూడో రోజు పొద్దున చూస్తే ఇద్దరూ వంటింటి గడప దగ్గర కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తూ నా మీద చాడీలు చెప్పుకుంటుండేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

రెండు వేల సంవత్సరం దాటాక చవక విమానాలొచ్చాయి. ఆ పైన కొత్త విమానాశ్రయం మా వైపే పడింది. ఢిల్లీ మూడు గంటల లోపలికి వచ్చేసిందని అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. అక్క ఏడాదికి మూడు నాలుగు సార్లు రాసాగింది. శనివారం పొద్దున దిగడం, ఆదివారం సాయంత్రం పోవడం. పెట్టెలో బట్టలు బయటికి తీసింది కూడా లేదు.

అలా వచ్చిన ఒకసారి, ఇక బయల్దేరుతుందనగా పెరట్లోకి వెళ్లింది. తను పెళ్లికి ముందు నాటిన సంపెంగ చెట్టు అక్కడ లేదు. అద్దె గదులు కట్టించడానికి అమ్మ కొట్టించేసింది.

"నన్నొక మాట అడగల్లని లేదా? నేనీ ఇంటిదాన్ని కాదా?" అంది అక్క.

"రెండు దినాలకొచ్చి పోయేదానికి నీకెందుకు చెట్టు?" అంది అమ్మ.

అమ్మకు మామూలుగా వచ్చే కోపమే అది. వెనకటి రోజుల్లో అయితే రెండు రోజులు అలిగి, ఏడ్చి, మళ్లీ కలిసిపోయేవాళ్లు. కానీ అప్పటికే గేటు ముందు టాక్సీ వచ్చి నిలబడింది. అక్క ఎక్కి వెళ్లిపోయింది.

రెండు నెలలకు మళ్లీ నవ్వుతూనే వచ్చింది. అమ్మకు శాలువా తెచ్చింది. చెట్టు మాటే ఎత్తలేదు. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగింది, కొత్త గదులు బాగున్నాయంది. తర్వాతిసారీ అంతే. అమ్మ ఏదో ఒకటి కదిలించి చూసేది. అక్క "నీ ఇష్టమమ్మా" అనేసేది. ఆమె నోట ఆ మాట వింటే నాకు భయమేసేది. గొడవ పడడానికి ఒక్క క్షణం చాలు, కలవడానికే రోజులు పట్టేది. ఆ రోజులే మాకు లేకుండా పోయాయని బాధగా ఉండేది. విమానాన్ని తిట్టుకునేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం, నన్ను వంటింట్లోకి రానివ్వకుండా అమ్మే వంట చేసింది. పప్పు నోట్లో పెట్టుకోగానే నాకు పొలమారింది. ఉప్పుకషాయం. అమ్మ వడ్డించడం ఆపి అక్క మొహం వంకే చూస్తూ నిలబడింది. అక్క ముద్ద మింగి, నీళ్లు తాగి, "బాగుండాదమ్మా" అంది. కంచం ఖాళీ చేసి లేచింది.

సాయంత్రం టాక్సీ సందు మలుపు తిరిగాక కూడా అమ్మ గేటు వదల్లేదు.

"ఉప్పు కావాలనే ఏసినా పాపా" అంది నాతో. "సుట్టాలింట్లో తిన్నట్టు తినేసి పాయె."