మా ఆయన మందు ముట్టడు

పొద్దున్నుంచి ముసురు. పాలకూర కోత ఆపి, చిన్నాయన హెర్నియా ఆపరేషన్‌కు తోడుగా శంషాబాద్‌లోని దవాఖానకు వెళ్లాను. "మందేమైనా వాడుతున్నారా?" అని నర్సు చిన్నాయనను అడిగింది. ఆయన నోరు తెరిచేలోపే చిన్నమ్మ గర్వంగా చెప్పింది.

"మా ఆయన మందు ముట్టడమ్మా. కల్లు గూడ తాగడు."

నర్సు నవ్వి, 'లేవు' అని రాసుకుంది.

లోపల నడుముకు మత్తు సూది ఇవ్వబోతుంటే చిన్నాయనే అడిగాడట. "సారూ, గుండెకని రక్తం పల్చగయ్యే గోళీ పొద్దుగాల ఏస్కున్న. ఏం గాదు గద?"

మత్తు డాక్టర్ సూది పక్కన పెట్టేశాడు. ఆ గోళీ వేసుకున్నవాళ్లకు అక్కడ పొడిస్తే వెన్నులో రక్తం గడ్డకట్టి కాళ్లు పడిపోవచ్చట. బయటకొచ్చి చిన్నమ్మ మీద అరిచాడు.

"ఎందుకు దాచావమ్మా?"

"నేనేడ దాచిన సారూ? ఆమె మందు సంగతి అడిగింది గాని గోళీల సంగతి అడగలే."

మా దగ్గర మందంటే ఏమిటో నర్సుకూ తెలుసు. తెలుసు కాబట్టే నవ్వింది. తిట్లు మాత్రం చిన్నమ్మకు పడ్డాయి. మీ దగ్గర దవాఖానల్లో ఏ మాటతో అడుగుతున్నారో చెప్పండి.

ఆపరేషన్ వాయిదా వేసి, ముందు గుండె డాక్టర్‌ను కలిసి రమ్మన్నారు. మధ్యాహ్నం నర్సు డ్యూటీ దిగి వెళ్లిపోయింది. వాన తగ్గాక చిన్నాయన, చిన్నమ్మ ఆటోలో ఇంటికి వెళ్లిపోయారు.