మానేదాకా

ఓర్వకల్లు దగ్గరి పల్లెలో రాహేలమ్మకు అరవై దాటాయి. కూలికి పోవడం, ఆదివారం చర్చికి పోవడం తప్ప ఆమె గురించి చెప్పుకోదగ్గ విశేషం ఊళ్లో ఎవరికీ తెలియదు. పోయిన వేసవిలో సర్వే చేసే శశికళ ఇంటికొచ్చి, "అమ్మా, మీరు అణచివేతకు గురయ్యారా?" అని అడిగింది.

"అంటే ఏంది తల్లీ?"

"ఎవరైనా మిమ్మల్ని తక్కువ చేసి, తలెత్తనీయకుండా చేయడం."

రాహేలమ్మ నిజాయితీగానే ఆలోచించింది. "అట్లాంటిది ఈడ ఏం లేదు. అందరూ శానా మంచోళ్లు," అంది. శశికళ "లేదు" దగ్గర టిక్కు పెట్టుకుని పోయింది. ప్రభుత్వానికి ఒక శుభవార్త చేరింది.

బస్సు ఆగేది ఊరికి ఆ చివర. దారి రామలింగప్ప వాళ్ల వీధిలోంచే. పెద్దకులాల వీధి. దాని మొదట్లో రాహేలమ్మ చెప్పులు విప్పి చేత పట్టుకుంటుంది, చివర్లో తొడుక్కుంటుంది. విప్పమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వాళ్లమ్మ విప్పేది, తనూ విప్పింది. ఎవరూ చెప్పకుండానే జరిగే పనికి ఏ గడిలో టిక్కు పెడతారు?

వానలు పడ్డాక కలుపు తీస్తుంటే కాలికి తుమ్మముల్లు దిగింది. సుగరున్న ఒంటికి అది చాలు. కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ పుండు కడిగి, మెత్తటి చెప్పులు రాసిచ్చింది. "ఒక్క అడుగు కూడా వట్టి కాళ్లతో వేయొద్దు. వేస్తే పాదం తీసేయాల్సి వస్తుంది."

మరుసటి వారం కట్టు మార్పించుకోవడానికి బయలుదేరింది. వీధి మొదట్లో అలవాటుగా వంగింది. కాసేపు పాదాన్నే చూసింది. తర్వాత లేచి, చెప్పులతోనే నడిచింది. అరుగు మీద రామలింగప్ప పేపరు దించాడు.

"ఏమ్మే రాహేలమ్మా, ఏంది ఆ చెప్పులు?"

"సుగరు పుండప్పా. వట్టి కాళ్లతో నడిస్తే కాలు తీసేస్తారంట."

"డాక్టరు చీటీ ఉండాదా?"

చూపించింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, మందుల పేర్లతో సహా చదివాడు. "సరే పో. మానేదాకా ఏసుకో," అన్నాడు, ఉదారంగా.

బస్సెక్కి కూర్చున్నాక ఆమెకు ఒళ్లు మండిపోయింది. తన కాలికి ఆయన సెలవివ్వడమేంది! సర్వే పిల్ల అడిగిన మాట అప్పటికి అర్థమైంది. ఇన్నేళ్లూ మంచోళ్లనుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. కట్టు తీసేసిన వారానికి రామలింగప్ప అరుగు మీదినుంచే పిలిచాడు.

"ఏమ్మే, పుండు మానిందా?"

"మానిందప్పా. బాగా మానింది."

ఆయన ఆమె పాదాల వైపు చూస్తూ కూర్చున్నాడు. బస్సుకు ఇంకా టైముంది. రాహేలమ్మ తొందరపడకుండా, చెప్పులు టపటపలాడించుకుంటూ వీధి చివరిదాకా నడిచింది.