పోయకుండా ఆపిన ఒడిబియ్యం

ఈరోజు మా అక్కకు తొలి మాసికం. దేహం విడిచిన జీవుడు ఏడాది పొడవునా దారిలోనే ఉంటాడని, నెలకొకసారి మనం వదిలే నువ్వులూ నీళ్ళూ ఆ దారిలో అతని ఆకలిదప్పులు తీరుస్తాయని పెద్దలు విధించిన దినమిది. నెల కింద, సంధ్యావందనం ముగించి లేస్తుండగా సుల్తానాబాద్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. తల్లిని వాడు అవ్వ అనే పిలుస్తాడు. "మామా, అవ్వ పోయింది. చాయ తాగి గ్లాసు కింద వెట్టింది, గంతే" అన్నాడు. ఆ వార్త నాకు కొత్తగా వినిపించలేదు. అంతకుముందు పందొమ్మిది రోజులుగా ఫోన్ మోగిన ప్రతిసారీ నేను విన్నది అదే.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. తల్లిదండ్రులు గతించాక నిర్మల్‌లోని నా ఇల్లే ఆమెకు పుట్టిల్లు. సంసారంలో పడి ఏళ్ళ తరబడి రాలేకపోయిన మనిషి, మొన్నటి ఆశ్వయుజంలో తానే కబురు చేసింది. "నాలుగొద్దులుంట తమ్మీ. కుంటాల జలపాతం జూపియ్యి. గింత దగ్గరుండి ఒక్కసారన్న చూడలే."

ఆమె బస్సెక్కిన గంటకే మేనల్లుడు నాతో మాట్లాడాడు. "మామా, అవ్వ గుండె బలం తగ్గిందని డాక్టర్ సాబ్ చెప్పిండు. పోవద్దంటే ఇనలే. మెట్లు ఎక్కనియ్యకు. గీ సంగతి ఆమెకు చెప్పలే, నువ్వు గూడ చెప్పకు."

దేహం అనిత్యమని నలభై ఏళ్ళుగా పదిమందికీ చెబుతూ వచ్చినవాణ్ని. ఆ నాలుగు రోజులూ అక్క ఊపిరి శబ్దానికి చెవి ఒగ్గి బతికాను. ఆమె దగ్గితే నా చేతిలో ముద్ద ఆగిపోయేది. మధ్యాహ్నం కాస్త నడుం వాలిస్తే, గుమ్మంలో నిలబడి ఆమె చీర కుచ్చెళ్ళు కదులుతున్నాయా లేదా అని చూసేవాణ్ని.

మొదట కొయ్యబొమ్మలు చేసేవారి దగ్గరికి తీసుకువెళ్ళాను. అది మెట్లు లేని చోటు. అక్క చిలకలను, సీతాఫలాలను ఒక్కొక్కటే ఎత్తి చూసి, చివరికి పూలతీగ రాసిన పెద్ద భరిణె ఒకటి పట్టుకుంది.

"ఐదు పిడికిళ్ళు వడ్తయా గిండ్ల?" అని అడిగింది.

"కుంకుమ వెట్టుకునే దానికి పిడికిళ్ళెందుకమ్మా?" అన్నాడు బొమ్మలాయన.

"నీకెందుకయ్యా, మూత బిర్రుగున్నదా లేదా జూడు."

భరిణె నా చేతికిచ్చింది. పొణికి కర్ర కదా, బరువే లేదు. దాన్ని అందుకుంటున్నప్పుడు తగిలిన అక్క చెయ్యి కూడా అంతే తేలికగా ఉంది.

మూడోనాడు కుంటాల తప్పలేదు. దిగడానికి వందల మెట్లు. దిగితే మళ్ళీ ఎక్కాలి. "వానలకు మెట్లు ఖరాబైనయట అక్కా, ఎవ్వర్ని పోనిస్తలేరు" అని అబద్ధమాడాను. అప్పుడే టిఫిన్ డబ్బాలతో ఓ కుటుంబం మా పక్కనుంచే దిగిపోయింది.

అక్క వాళ్ళను చూసింది, నన్ను చూసింది. ఓ బండమీద కూర్చుని, "సరే, నువ్వు వో. జూసొచ్చి చెప్పు" అంది.

కాదనలేక దిగాను. ప్రతి పది మెట్లకూ వెనుదిరిగాను. చెట్లు అడ్డమొచ్చి అక్క కనిపించకుండా పోయిన చోట నా కాళ్ళు ఆగిపోయాయి. తిరిగి వచ్చేసరికి ఆమె ఆ బండమీద ఉండదనిపించింది. జలపాతం చూడకుండానే సగంలోంచి పరుగున ఎక్కి వచ్చాను. అక్క అక్కడే ఉంది. ఆయాసం అణచుకుంటూ, నేర్చిన విశేషణాలన్నీ పేర్చి నురుగునూ తుంపరలనూ వర్ణించాను.

ఆమె ఓపిగ్గా విన్నది. "ఊరందర్ని కూసోవెట్టి పురాణం చెప్తవు గని, తమ్మీ, అబద్ధం జెప్పుడు నీతోని గాదు. ధోతి అంచన్న తడ్వలే" అని నవ్వింది. "నా కొడుకు ఫోన్ జేసిండు గదా? నాకెర్కే. డాక్టర్ మొకం జూసిన్నాడే ఎర్క."

"భయమైతలేదా అక్కా?"

"అయితది. గా భయం నా పక్కన కూసున్నది, కూసోనియ్యి. నేను నీళ్ళ సప్పుడు ఇంట."

నాలుగోనాడు ప్రయాణం. పుట్టింటినుంచి వెళ్ళే ఆడబిడ్డకు పసుపు, నెయ్యి కలిపిన బియ్యం ఒడిబియ్యమని కొంగులో పోస్తాం. గడప దాటేముందు ఆమె అందులోంచి ఐదు పిడికిళ్ళు ఇంట్లోనే వదిలి, పుట్టిల్లు చల్లగా ఉండాలని దీవిస్తుంది. నా భార్య తెల్లవారగానే బియ్యం కలిపి దేవుడి గదిలో పెట్టింది. నేను ఆపాను. పోస్తే అది సాగనంపడమే అవుతుందని, పోయకుంటే దానికోసమైనా మళ్ళీ వస్తుందని నా భయం చెప్పింది. "ఇప్పుడొద్దు. ఉగాదికి వస్తవు గదా, అప్పుడు పోస్తం" అన్నాను.

"గా బియ్యంతోని నన్ను కట్టేస్తున్నవా?" అంది అక్క. "సరే తియ్యి. కని తమ్మీ, పసుపు గలిపిన బియ్యం ఎక్కువొద్దులుండయి. పురుగు వడ్తది."

దేవుడికి దండం పెట్టుకొస్తానని లోపలికి వెళ్ళి, ఎప్పటిలాగే గడప దగ్గర ఓ గుక్క నీళ్ళు తాగి, బస్సుకు బయలుదేరింది.

పందొమ్మిది రోజులు గడిచాక, చివరికి ఆ బియ్యమే పట్టుకుని సుల్తానాబాద్ వెళ్ళాం. కొంగు చాచే చేతులు లేవు. అక్క కొంగును నా భార్య ఒక అంచు, మేనకోడలు ఒక అంచు పట్టుకున్నారు. పోశాను. పోసి, అలవాటుగా ఐదు పిడికిళ్ళకోసం గిన్నె చాచి అలాగే ఉండిపోయానట. "ఇగ చాలు, లే బామ్మర్దీ" అని బావగారు నా భుజం పట్టి కదిపితే గానీ తెలియలేదు.

మైల తీరి దేవుడి గది కడుగుతుంటే అరమీద భరిణె కనబడింది. మరిచిపోయి వెళ్ళిందనీ, దానికోసమైనా వస్తుందనీ నేను సంబరపడ్డ భరిణె. మూత బిగువుగా ఉంది. తెరిచాను. లోపల పచ్చని బియ్యం. నేను పోయని ఒడిలోంచి, మా అక్క ముందే వదిలి వెళ్ళిన ఐదు పిడికిళ్ళు.

ఇప్పుడు రోజూ ఉదయం ఆ మూత తీసి గింజలు చూస్తాను. ఈనాటివరకు పురుగు పట్టలేదు. ఏడాది గడిచాక మేనకోడలి ఒడిలో పోసే బియ్యంలో వీటిని కలపాలని ఉంది. అప్పటిదాకా నిలుస్తాయో లేదో, నేనుంటానో లేదో తెలియదు.

మా తరువాత వచ్చే బిడ్డలారా, మీ గడపకు వచ్చిన తోడబుట్టినవారి కొంగు ఆనాడే నిండుగాక. వారి చేతి ఐదు పిడికిళ్ళు మీ చేతుల్లోనే వెచ్చగా పడుగాక. నా భయం నాతోనే ఆగి, ఈ పసుపు గింజలు మీదాకా చేరుగాక.