తెగని ఎనిమిదులు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా తమ్ముడికి జ్వరం వచ్చిన రోజును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పటికే నన్ను ఐదో తరగతితో బడి మాన్పించారు.

ఆదోనిలో నర్సు పని నేర్చుకుంటున్న పక్కింటి అక్క సెలవుకు వచ్చి ఉంది. తన జ్వరం గొట్టం తెచ్చి వాడి చంకలో పెట్టింది. విదేశం నుంచి వచ్చిన ఆ గొట్టం మీద సెంటీగ్రేడు అంకెలుండేవి. నలభై చూపింది. వెంటనే ఆదోని ఆసుపత్రికి తీసుకుపొమ్మంది అక్క.

మా నాయన గొట్టం లాక్కుని చూసి నవ్వాడు. ఊళ్లో కాంపౌండరు వాడే ఫారెన్‌హీటు గొట్టంలో తొంభై ఎనిమిది దాటితేనే జ్వరమని ఆయనకు తెలుసు. "నలభయ్యే ఉండాది. సల్లబడి వణుకుతాండాడు, ఇంగో కంబళి కప్పండి" అన్నాడు. అక్క మళ్లీ చెప్పబోతే మా మామ అందుకున్నాడు. "ఆసుపత్రోళ్లకు గిరాకీ తోలుతాండావా ఏంది?"

తమ్ముడు కంబళి కింద కాలిపోతుంటే వీళ్లు నవ్వుతున్నారు! గొంతు చించుకుని అరిచాను. నాయన నా చెంప పగలగొట్టాడు. అక్క నన్ను అరుగు మీదికి లాక్కొచ్చి చేతిలో బొగ్గు పెట్టింది.

"నువ్వు అరిస్తే పిల్ల అరుస్తాంది అంటారు, అంతే. లెక్క సెయ్యి."

అప్పట్లో జ్వరం లేని మంచి ఒంటికి 98.4 అనేవారు. దాన్ని తన గొట్టం అంకెల్లోకి మార్చడానికి, అందులోంచి ముప్పై రెండు తీసేసి, ఐదుతో గుణించి, తొమ్మిదితో భాగించమంది. 36 వచ్చింది, చుక్క తర్వాత ఎనిమిది, మళ్లీ ఎనిమిది. అరుగు అంచుదాకా రాసినా ఆగలేదు. గడపలో నిలబడిన మామ పగలబడి నవ్వాడు. "తెగని లెక్క ఏం లెక్కే? ఆ ఎనిమిదులు యాడికి పోతాండాయి, గుంతకల్లుకా?"

బొగ్గు ఆయన ముఖాన విసిరేదాన్నే. అక్క నా మణికట్టు పట్టుకుంది. "తెలీనిదానికి పేరు పెట్టు" అంది.

చుక్క తర్వాతి తోకకు 'అ' అని పేరు పెట్టాను. పది 'అ'లంటే 8.888…. అందులోంచి ఒక 'అ' తీసేస్తే తోకకు తోక పోయి ఎనిమిదే మిగిలింది. తొమ్మిది 'అ'లు ఎనిమిదైతే, 'అ' ఒకటి కూడా కాదు. అంటే ఈ గొట్టంలో మంచి ఒళ్లు ముప్పై ఏడుకు చేరదు. లెక్క తిరగేసి, నలభైని తొమ్మిదితో గుణించి, ఐదుతో భాగించి, ముప్పై రెండు కలిపాను. నూట నాలుగు.

లోపలికి వెళ్లి నాయన ముఖంలోకి చూస్తూ, అరవకుండా, మొదటినుంచి చెప్పాను. నూట నాలుగు అనగానే ఆయన నవ్వు ఆగిపోయింది. కంబళి తీసి, వాణ్ని భుజాన వేసుకుని బస్సుకు పరుగెత్తాడు.

తమ్ముడు బతికాడు. ఒక చెవికి వినికిడి మాత్రం పోయింది. నాయన తెలివిగా సమయానికి తీసుకెళ్లాడని మామ ఊరంతా చెప్పాడు. నన్ను మళ్లీ బడికి పంపుదామన్న మాట ఎవరి నోటా రాలేదు.

మిగతా చదువంతా గ్రంథాలయంలోనే చదువుకున్నాను. ఒకనాడు ఆ తెగని అంకెలకు 'ఆవర్తిత దశాంశం' అనే పేరు, అక్క చెప్పిన పద్ధతే ఒక పుస్తకంలో కనిపిస్తే, గర్వంతో నిలబడే చదివాను. ఆ రోజు కోపం నాలో చల్లారలేదు, చల్లార్చుకోవాలనీ లేదు. నా మాట నవ్వి తీసేసేవాళ్లు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్ల మీద అరవను. ఎదురుగా కూర్చుని మొదటి మెట్టు నుంచి చెబుతాను, చివరిదాకా విననిదే లేవనివ్వను.