దూత పెట్టవలసిన సంతకం

ఆ రోజుల్లో సిద్దిపేటలోని మా క్రైస్తవ మందిరంలో ‘రాను’, ‘కుదరదు’ అనే మాటలు ఎవరి నోటా వినబడేవి కావు. వాటికి బదులు ‘ప్రార్థన చేస్తాం’ అనే పరమ పవిత్రమైన మాట ఒకటి ఉండేది. ఇల్లు మారుతున్నాం, బీరువా మోయడానికి ఒక చేయి వేయమని ఎవరైనా పిలిచినా, ‘ప్రార్థన చేస్తాం బ్రదర్’ అనేవాళ్లం. బీరువా మాత్రం కదిలేది కాదు.

నేనప్పుడు చిన్నకోడూరు బడిలో కొత్తగా చేరిన తెలుగు పంతులును. ప్రబంధాలు చదివిన గర్వం నా ప్రార్థనలలోకీ ప్రవేశించి, సమాసాలు లేకుండా దేవునితో మాట్లాడడం అమర్యాదగా తోచేది. (ఆయనకు అవి అర్థమయ్యాయో లేదో గాని సంఘానికి కాలేదు, అందుకే నన్ను అంతగా మెచ్చుకునేవారు.)

ఒక ఆదివారం, మందిరంలో గంట కొట్టే ఒంటరి ముసలామె, మేమంతా గంటవ్వ అని పిలిచే మనిషి, ఆరాధన ముగిశాక లేచి నిలబడింది. “బేస్తారం నా కన్నుకు ఆపరేషనట. ఎంబడి ఒకరొచ్చి సంతకం పెడితెనే చేస్తరట. గీసారి తప్పితె కన్ను పోతదన్నరు” అంది. అందరూ ప్రార్థన చేస్తామన్నారు. నేను అంతటితో ఆగక, అక్కడికక్కడే కన్నులు మూసి, ‘ఓ కరుణాసముద్రా, ఈ వృద్ధురాలికి తోడుగా నీ దూతను పంపుము’ అని పావుగంట సేపు వేడుకున్నాను. ముగిశాక ఆమె దగ్గరికొచ్చి, “దూతకు సంతకం పెట్టొస్తదా సారూ?” అని మెల్లగా అడిగింది. విశ్వాసముంచమన్నాను.

ఆపరేషనున్న ఆ గురువారం మా బడికి సెలవే. ఆమె కొరకు ప్రార్థింపబూని మోకరించాను. మంచానికి తల ఆనడంతో రెండవ సమాసం దగ్గరే నిద్ర పట్టింది.

మరుసటి ఆదివారం గంటవ్వ నల్లద్దాలతో వచ్చి సాక్ష్యం చెప్పింది. దవాఖాన దాకా తీసుకుపోయిన ఆటో అతను, ఆమె ఒక్కతే కూర్చోవడం చూసి, ఆ పూట కిరాయిలు వదులుకొని లోపలికి వచ్చి, ‘కొడుకు’ అని రాసి సంతకం పెట్టాడట (శుక్రవారం మసీదుకు వెళ్లే మనిషి). దూత వచ్చాడని అందరికంటె బిగ్గరగా స్తోత్రం చెప్పినవాణ్ణి నేనే. అవ్వ అద్దాలు తీసి మమ్మల్ని వరుసగా చూసింది.

“మీ ప్రార్థన దేవుడు విన్నడు. ఇప్పుడు మీ అందరి మొఖాలు మంచిగ కనవడుతున్నయి.”

నేను తల వంచుకొని పాటల పుస్తకంలో పేజీలు తిప్పాను. ఆ సిగ్గు నాకు రెండు మూడు నెలలుంది. సమాసాలు మాత్రం మానలేదు.

ఇప్పుడు నా కంటికీ శుక్లం వచ్చింది. మొన్న ఆదివారం, తోడుగా ఒకరు రావాలని సంఘానికి విన్నవించుకోగా, కొత్త పంతులొకాయన లేచి నా కొరకు దీర్ఘంగా ప్రార్థించాడు. మాటలన్నీ నావే, ఏళ్ల తరబడి వాళ్లకు నేర్పినవాణ్ణి నేనే. దూత కూడా ఉన్నాడు. నవ్వాపుకొని ఆమేన్ అని, ఆటోల అడ్డా వైపు నడిచాను.