గడపకు పూసిన పసుపు

నా బల్ల మీద ప్లాస్టిక్ కవరులో గోరంత పెచ్చు ఒకటి ఉంది. పైన పసుప్పచ్చ, మధ్యలో ఎర్రటి బొట్టు, అంచున కింది పొరలు. నందిగామలో మా ఇంటి వీధి గడపది. పారేయమని అందరూ అంటున్నారు, నేను పారేయను.

నాయనమ్మ ఉన్నన్నాళ్లూ శుక్రవారం వచ్చిందంటే ఇల్లంతా తడి పసుపు వాసన; గడప కడిగి, అరచేత్తో పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఆ పచ్చని చేతులతోనే మాకు వేడి వేడి అట్లు వేసిపెట్టేది. ఆమె పోయాక నాన్న జగ్గయ్యపేట నుంచి పసుపు రంగు పెయింటు డబ్బా, బొట్లకు ఎర్ర రంగు డబ్బా తెచ్చారు. అమ్మ నడుం నొప్పికి అదే మందయింది. పోను పోను రంగు అన్న మాట రాలిపోయి మా నోళ్లలో ఒట్టి పసుపే మిగిలింది. ఏటా ఉగాదికి పాత పొర మీదే కొత్త పొర పడేది. ఎండలకు అది పెచ్చులు లేస్తే, అష్టాచెమ్మా ఆడుతూ గోటితో గీకి నోట్లో వేసుకునేవాళ్లం; కాస్త తియ్యగా ఉండేది. "గడప మీద కూర్చోమాకండర్రా, లక్ష్మీదేవి తిరిగే చోటు" అని అమ్మ కేకేసేది. తినొద్దని మాత్రం ఎవరూ అనలేదు.

పోయిన వేసవిలో నా కూతురి బిడ్డ, పాకే పిల్ల, అదే గడప మీద చేతులానించి పెచ్చు నములుతూ కనిపించింది. డాక్టరు పరీక్ష చేయిస్తే రక్తంలో సీసం ఉంది; పిల్లల మెదడుకు విషమట. రంగులో ఉందో లేదో కంటికి తెలియదన్నారని ఒక పెచ్చు ల్యాబుకు పంపాను. అందులోనూ సీసమే.

గడప తీయిస్తానంటే ఇంట్లో గొడవ.

"పసుపును విషమంటావేంటే?" అంది అమ్మ.

"అది పసుపు కాదమ్మా, పసుపు రంగు."

"మంచిరోజు చూడకుండా గడప కదిలిస్తే అరిష్టం."

"అరిష్టం పాప నోట్లో ఉంది. రేపే తీయిస్తున్నా."

చుట్టాలు ఫోన్లు చేసి చీవాట్లు పెట్టారు, పెట్టనిచ్చాను. పాపను చెల్లెలింటికి పంపి, దుమ్ము లేవకుండా తడిపించి, గీకనివ్వకుండా గడపను మొత్తంగా ఊడదీయించాను.

ఇప్పుడక్కడ పెయింటు ఎరగని వేపచెక్క ఉంది. పాప రక్తంలో సీసం తగ్గుతోందంటున్నారు. ఏ ఎండకూ వెలవని ఆ పచ్చదనం, ఆ ఎర్ర బొట్లు పోయాయి. నాకేం బెంగ లేదు. నాయనమ్మ చేతులు లేవని మాత్రం ఉంది. మొన్న శుక్రవారం పెరట్లో పండిన కొమ్ములు దంచి నేనే రాశాను. పాప తప్పటడుగులు వేస్తూ వచ్చి, వంగి గడపకు నాలుక ఆనించింది. అమ్మ ఉలిక్కిపడి కుర్చీలోంచి లేవబోయింది.

"నాకనీ అమ్మా" అన్నాను. "ఇది పసుపే."